పైవరస చివరి పన్ను

మా బావకి మనుషుల పేర్లు గుర్తుండవు. పళ్ళు గుర్తుంటాయి. “నిన్న వచ్చాడే, ముందుపళ్ళ మధ్య సందున్నాయన” అంటాడు. ఎవరు బాబూ అని అడిగితే తల గోక్కుంటాడు. పక్కింటావిడ పదిహేనేళ్ళుగా మా గోడవతలే ఉంటోంది. ఆవిడ పేరు ఈయనకి ఇప్పటికీ తెలియదు, కింది దవడలో ఎడమవైపు ఒక పన్ను తీయించుకుందని మాత్రం తెలుసు. బండివాళ్ళంతా ఆయన్ని పళ్ళాయన అంటారు. కొత్తవాళ్ళు అది విని, బజారులో బుట్ట పెట్టుకుని కూర్చుంటాడేమో అనుకుంటారు. కూర్చున్నా బాగుండేది, నా ప్రాణానికి ఇంత విసుగు తప్పేది.

నా ముప్పయ్యో ఏట ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ముప్పై రెండు అన్నారు. బావ కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ అబ్బాయి నవ్వినప్పుడల్లా మెడ సాచి నోట్లోకి చూడటం మొదలుపెట్టాడు. అక్క కాలితో తన్నింది, నేను కళ్ళతో కాల్చాను. లాభం లేదు. వాళ్ళు టీ కప్పులు కింద పెట్టి ఇంకా గుమ్మం దిగనేలేదు, “ముప్పై తొమ్మిది. ఒక్క ఏడు తక్కువున్నా నా చెవి కోసిస్తా” అన్నాడు, వీధి చివరిదాకా వినపడేలా. ఆ సంబంధం అక్కడితో సరి. ఆర్నెల్ల తర్వాత తెలిసింది, నిజంగానే ముప్పై తొమ్మిదట. అబద్ధమై ఉంటే జన్మంతా తిట్టిపోయడానికైనా పనికొచ్చేది. ఈయనతో చిక్కే అది. ఒళ్ళు మండేలా ఒక మాట అంటాడు, తీరా చూస్తే అది నిజమై కూర్చుంటుంది.

ఇంట్లో ఈయనతో పడేది చాలదన్నట్టు, ఆఫీసులోనూ ఈయనతోనే. పశువుల ఆఫీసులో మా ఇద్దరి పనీ ఒకటే రేకుల షెడ్డు కింద. ఆయన గుర్రం నోరు చూసి వయసు చెబుతాడు, నేను కార్డు మీద రాస్తాను. లారీ దూరని పాత సందులు మా ఊళ్ళో ఇంకా ఉన్నాయి, అక్కడికి సామాను గుర్రబ్బళ్ళ మీదే వెళుతుంది. ఇరవై నిండిన గుర్రం బండి లాగకూడదని చట్టం. గుర్రం పుట్టిన రోజు ఎవడూ రాసిపెట్టుకోడు, కొన్నవాడు ఒకటి చెబుతాడు, అమ్మినవాడు ఇంకొకటి చెబుతాడు. అందుకని పళ్ళాయన.

పని మొదలుపెట్టాడంటే మాత్రం చూసి తీరాలి. ఆ మాట ఒప్పుకోక తప్పదు. గుర్రానికి ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటుంది. అందులోంచి చెయ్యి దూర్చి నాలుక పట్టి పక్కకి లాగుతాడు, గుర్రం బుద్ధిగా నోరు తెరుస్తుంది. కింది వరసలో ఆరు ముందుపళ్ళు. ఒక్కో పన్ను నెత్తి మీద నల్లటి చిన్న గుంట. ఆరో ఏటికి మధ్య రెండింటి గుంటలూ అరిగిపోతాయి, ఏడో ఏటికి వాటి పక్కవి, ఎనిమిదికి చివరివి. ఎనిమిది దాటిన గుర్రం వయసు చెప్పాలంటే పై పెదవి ఎత్తి చూడాలి. పైవరస చివరి పన్ను మీద పదో ఏట చిగురు దగ్గర గోధుమరంగు గీత ఒకటి మొదలవుతుంది. పదిహేనుకి సగం పన్ను దాకా దిగుతుంది, ఇరవైకి అంచు తాకుతుంది. ఇరవై దాటాక పైనుంచి, అంటే చిగురు వైపు నుంచి, చెరిగిపోతూ వస్తుంది. ఇదంతా నేను చదువుకున్నది కాదు, రోజూ రెండు పూటలా కంచం ముందు విన్నది.

ఎనిమిది దాటాక చెప్పేదంతా అంచనాయేనని కూడా ఈయనే చెప్పాడు. ఇసుక నేలలో మేసిన గుర్రం పళ్ళు తొందరగా అరుగుతాయి, మెత్తటి గడ్డి తిన్నవి నిదానంగా, కొయ్య కొరికే అలవాటున్న గుర్రం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఈయనకి పని నేర్పిన నాడాల తాత ఆ మాట పదేపదే అనేవాడట. ఆ మాట నాకు చెప్పిన మర్నాడే ఒక గుర్రం నోరు మూసి “పదమూడు” అని కేకేశాడు.

“పన్నెండు, పధ్నాలుగు మధ్య అని రాయనా బావా?”

“కార్డులో గళ్ళు ఎన్ని ఉన్నాయే?”

“ఒకటి.”

“అయితే ఒక్క అంకె రాయి.”

అదీ వరస. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒకసారి కార్డు మీద అంకె పడిందంటే మళ్ళీ ఆ గుర్రం నోరు తెరవడు. ఏటా ఆ గుర్రం వంతు వచ్చిన పరీక్ష రోజున నేను పాత అంకెకి ఒకటి కలిపి రాయాలి, అంతే. “చూసిన నోరు మళ్ళీ చూస్తే, మొదటిసారి సరిగ్గా చూడలేదని నేనే ఒప్పుకున్నట్టు” అంటాడు. ఏ బండివాడు వచ్చి ఎంత బతిమాలినా ఇదే జవాబు.

పోయిన ఏడాది ఈల బాబాయి వచ్చాడు. కొరడా పట్టని బండివాడు ఊళ్ళో ఆయన ఒక్కడే. ఒక ఈలకి గుర్రం కదిలేది, రెండు ఈలలకి ఆగేది. పిండి మిల్లు నుంచి మూటలు వేసుకుని సందుసందునా తిరిగేవాడు. కార్డు ప్రకారం ఆయన గుర్రానికి ఇరవై నిండాయి.

“పళ్ళాయనా, నాకేదో ఇది అంత ముసలిదని అనిపించటం లేదయ్యా. ఇంకా ఎత్తు కూడా ఒక్క ఊపున ఎక్కుతోంది. ఇంకోసారి నోరు చూడు. ఒక్కసారి.”

“చూశాను బాబాయ్. చూసే రాయించాను.”

“అది ఎప్పుడో కదా. ఇప్పుడు చూడు.”

“నువ్వు అడిగావని నీకు చూస్తే, రేపు వరసలో ఉన్న అందరికీ చూడాలి. ఇరవై అంటే ఇరవయ్యే.”

నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కాను. కళ్ళతో సైగ చేశాను. చివరికి నోరు తెరిచి, “చూస్తే నీ సొమ్మేం పోయింది బావా?” అని అందరి ముందూ అడిగాను. “రాయవే” అన్నాడు. రాశాను. ఈల బాబాయి గుర్రం తాడు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ గుర్రాన్ని ఊరవతల తోటలవాళ్ళకి ఇచ్చేశాడు, వానాకాలంలో అక్కడే పోయింది. ఆయన మాత్రం పరీక్ష రోజు వచ్చిందంటే చాలు, గుర్రం లేకపోయినా వచ్చి మా షెడ్డు ఎదురుగా గోడ మీద కూర్చుంటాడు. వచ్చిన గుర్రాల్ని చూసి వెళ్ళిపోతాడు.

ఆ రోజు తర్వాత నేను బావతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజున, “ఏమే, ఈ మధ్య ఇల్లు ప్రశాంతంగా ఉంది, నీకు జ్వరం గానీ వచ్చిందా?” అని అడిగాడు. ఇలాంటి మనిషి మీద అలిగి ఏం సుఖం!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచాడు గానీ, ఇంట్లో ఉన్న గుర్రం దగ్గరికి పోవడానికి ఈయనకి దడ. మా పెరట్లో రేకుల కొట్టం కింద ఉండే ఆడగుర్రాన్ని మేం దొరసాని అంటాం. నడకలో ఆ టెక్కు ఉంది. పదేళ్ళ కిందట అక్క కోసం బావే కొన్నాడు. ఆఫీసులో చేరి అప్పటికి ఇరవై రోజులు. నాడాల తాత పక్కన లేకుండా సొంతంగా చూసిన మొదటి నోరు అదే. చూడటం పూర్తయ్యేలోపే దొరసాని ఆయన భుజం పట్టుకుని కరిచింది, చొక్కా చిరిగి రక్తం వచ్చింది. బావ ఒక చేత్తో భుజం పట్టుకుని “ఆరు, ఆరేళ్ళే!” అని అరిచాడు. అప్పటినుంచి ఆయనా అదీ ఎడమొహం పెడమొహం. దాని గడ్డీ, దాణా, నాడాలూ అన్నీ అక్కే చూసుకునేది. కార్డు మీద ఏటా నేను ఒకటి కలిపేదాన్ని. ఈ ఏటికి పదహారు.

అక్కకి ఆ బండి అంటే ఏమిటో చెప్పాలి. అంతకుముందు అక్క ఆసుపత్రి బట్టల ఉతుకుశాలలో నేల కింది గదిలో పని చేసేది. పొద్దున చీకట్లో దిగడం, సాయంత్రం చీకటి పడ్డాక పైకి రావడం. ఆవిరీ సబ్బు వాసనా పట్టి ఎప్పుడూ దగ్గు. ఉతికిన దుప్పట్లు ఆసుపత్రికి చేరవేసే బండివాడు పని మానేస్తే, ఆ పని నాకివ్వండి అని అడిగింది. నలభై దుప్పట్ల మూటలు ఆరు, రోజుకి రెండుసార్లు, సందుల్లోంచి, వంతెన మీంచి. దగ్గు మూడు నెలల్లో పోయింది. అక్క గట్టిగా నవ్వుతుందని నాకు అప్పుడే తెలిసింది, అంతవరకూ మూతి బిగించి నవ్వే రకమనుకునేదాన్ని. బండి పోతే మళ్ళీ ఆ నేల కింది గదే. వేరే పని వాళ్ళ దగ్గర లేదు.

ఈ ఏడాది పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాత అంకెకి ఒకటి కలిపే పద్ధతి ఇక చెల్లదు, ప్రతి గుర్రం నోరూ కొత్తగా చూసి కొత్త కార్డు రాయాలి, నెలాఖరు గడువు. నేను సంతోషించాను. బావ మూడు రోజులు అన్నం సయించనట్టు తిరిగి, ఆఖరికి “వాళ్ళ ఖర్మ, చూస్తే అదే వస్తుంది” అన్నాడు.

గుర్రాలన్నీ వచ్చాయి, మా ఇంటి గుర్రం తప్ప. మొదటి వారం అక్కకి ఆసుపత్రిలో పని ఎక్కువట. రెండో వారం దొరసానికి కడుపు నొప్పట. మూడో వారం నాడా ఊడిందట, నాడాలు కొట్టేవాడు ఊళ్ళో లేడట. ఆ సాయంత్రమే నాడాలు కొట్టేవాడు మా వీధిలో సైకిలు మీద పోతూ నన్ను పలకరించాడు. నా ఒళ్ళు మండింది. పళ్ళాయన ఇంటి గుర్రానికే కార్డు లేదంటే ఆఫీసులో నవ్వరూ? సరే, ముందు నేను చూసి కార్డు రాసి ఉంచుతాను, బావ వచ్చి సంతకం పెడతాడు అనుకుని, ఆదివారం పొద్దున కొట్టంలోకి వెళ్ళాను. దొరసాని నన్నెప్పుడూ కరవలేదు. పై పెదవి ఎత్తాను.

పదహారేళ్ళ గుర్రానికి గీత సగం పన్ను దాటి కొంచెం కిందికి ఉండాలి. దీనికి అంచు దాకా ఉంది. అంచు దాకా ఉండటమే కాదు, చిగురు దగ్గర గీత లేదు. అక్కడ పన్ను నున్నగా ఉంది. పొరపాటు పడ్డానేమోనని రెండోవైపు చూశాను. రెండోవైపూ అంతే. ఇరవై రెండుకి తక్కువ లేదు.

“మూసెయ్యవే” అంది వెనక నుంచి అక్క. చేతిలో తవుడు బకెట్టు.

“అక్కా, దీనికి పదహారేంటే?”

“తెలుసు.”

“తెలుసా? ఎప్పట్నుంచి?”

“కొన్న రెండో నెల్నుంచి.” బకెట్టు కింద పెట్టింది. “కళ్ళెం కడుగుతుంటే నల్లరంగు వచ్చింది. నోట్లో చూస్తే కింది పళ్ళ గుంటల్లోంచి ఊడుతోంది. ఎవడో అరిగిపోయిన పళ్ళకి గుంటలు తొలిచి నల్లరంగు నింపి అమ్మాడు. నిజం గుంటకి చుట్టూ తెల్లటి అంచు ఉంటుందని ఆయనే కదా రోజూ చెప్పేది. వీటికి లేదు. అప్పటికే దానికి పన్నెండు.”

“మరి బావ?”

“కరిచింది కదా. పై పెదవి ఎత్తలేదు. కింద చూసి ఆరన్నారు.”

అమ్మేవాడు పళ్ళు తొలవడం గుర్రాల బేరంలో పాత మోసమే. దాన్ని పట్టుకోవడానికే పై పెదవి ముందు ఎత్తమంటారు. బావ ఇప్పుడు ఎవరికి చెప్పినా ముందు ఆ మాటే చెబుతాడు. ఆ ఒక్క రోజు ఆయన ఎత్తలేదు.

“చెప్పలేదేమే నువ్వు?”

“ఎలా చెప్పనే? ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఆయన సొంతంగా చూసిన మొదటి నోరు. తప్పని చెప్తే ఇంకో నోరు తెరిచేవారా? నాడాల కొట్లోకే మళ్ళీ వెళ్ళిపోయేవారు. కొంచెం నిలదొక్కుకున్నాక చెబుదామనుకున్నా. నిలదొక్కుకున్నాక, ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారని భయం.” బకెట్టు వైపు చూస్తూ, “ఇంకా నిజం చెప్పాలంటే నాకు బండి కావాలి” అంది.

నాకు అరవాలనిపించింది. అన్నీ తనకే తెలుసని మొగుడి గర్వం, మొగుడికి తెలియనిది తనకి తెలుసని పెళ్ళాం గుట్టు, మధ్యలో కార్డు రాయాల్సింది నేను. అడకత్తెరలో పోకచెక్కలా నా బతుకు. “ఇవాళే చెప్పు” అన్నాను. రేపంది. రేపు మళ్ళీ రేపంది. భోజనం దగ్గర నేను గొంతు సవరించుకుంటే అక్క గరిటెతో నా చేతి మీద కొట్టింది. బావ పట్టించుకోలేదు, ఆ రోజు చూసిన ఒక గుర్రం కొయ్య కొరికే అలవాటు గురించి చెబుతున్నాడు. అలా గడువు ఆఖరి రోజు రానే వచ్చింది.

ఆ రోజు అక్క దుప్పట్ల మొదటి మూటలు బండిలో వేసుకుని, ఆసుపత్రికి పోయే దారిలోనే మా షెడ్డు ముందు ఆపింది. పదకొండింటికి దుప్పట్లు చేరాలి. వరసలో ఇంకెవరూ లేరు. కార్డులు తీసుకున్న బండివాళ్ళు నలుగురు చెట్టునీడలో కూర్చున్నారు, గోడ మీద ఈల బాబాయి. అక్కకేసి చూస్తే చెప్పలేదని తల అడ్డంగా ఊపింది.

“అబ్బో, దొరసాని గారు దయచేశారు!” అంటూ బావ చేతులు తుడుచుకుని వచ్చాడు. అక్క తాడు గట్టిగా పట్టుకుంది. దొరసాని ఈసారి కరవలేదు. వయసు మీద పడ్డాక దానికీ ఓపిక తగ్గినట్టుంది. బావ తన అలవాటు ప్రకారం ముందు పై పెదవి ఎత్తాడు.

ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు. రెండోవైపు చూశాడు. బొటనవేలితో ఆ పన్ను మీద, గీత లేని చోట, రుద్దాడు. అది మురికి కాదు, రుద్దితే పోయేది కాదు. నాలుక పక్కకి లాగి కింది పళ్ళు చూశాడు. తొలిచిన గుంటలు ఈ పదేళ్ళలో పూర్తిగా అరిగిపోయాయి, అక్కడ మోసం ఆనవాలు కూడా లేదు. మళ్ళీ పైకి చూశాడు. ఇంతసేపు ఒక నోరు చూడటం నేనెప్పుడూ చూడలేదు. చెట్టు కింద బండివాళ్ళు లేచి నిలబడ్డారు.

బావ గుర్రం నోరు మూసి వెనక్కి వచ్చాడు. నా వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు.

“పదహారు” అన్నాడు.

నాకు వినపడింది. కానీ కలం కదల్లేదు. పదేళ్ళుగా ఒక్క ఏడాది, ఒక్క ఆర్నెల్లు, ఎవరికోసమైనా కొంచెం వంగమని ఈ మనిషిని పోరుతూనే ఉన్నాను. వంగడు వంగడు, ఇవాళ సొంత ఇంటి గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆరేళ్ళు వంగాడు. నేను కోరుకున్నది ఇదే. తీరా వచ్చాక రాయబుద్ధి కాలేదు. తల ఎత్తితే ఎదురుగా గోడ మీద ఈల బాబాయి.

“పదహారు అన్నానా, రాయవే!”

ఈల బాబాయి గోడ దిగాడు. నడిచి వచ్చి దొరసాని మెడ మీద చెయ్యి వేశాడు. నలభై ఏళ్ళు గుర్రాలతో బతికినవాడు, ఆ కళ్ళ పైన గుంటలు, ఆ వీపు వంపు చూస్తే ఆయనకి తెలియనిదేముంది.

“రాసెయ్యమ్మా” అన్నాడు నాతో, మెల్లగా. “పదహారే. నాది ఎట్లాగూ పోయింది. ఇదన్నా ఉండనీ.”

కోపంగా అన్నా బాగుండేది. ఎగతాళిగా అన్నా భరించేదాన్ని. నిజంగానే అన్నాడు. బావ మొహం ఒక్కసారిగా పాలిపోయింది.

“ఇరవై రెండు రాయవే” అంది అక్క.

బావ అప్పుడు అక్క వైపు తిరిగాడు.

“నీకెలా తెలుసు?”

“తెలుసండీ.”

“ఎప్పట్నుంచి?”

“అప్పట్నుంచే.”

నేను ఇరవై రెండు అని రాశాను. పక్కన ‘బండికి పనికిరాదు’ అని కూడా రాయాలి, అదీ రాశాను. అక్షరాలు వంకర పోయాయి. సంతకం పెట్టమని కార్డు తిప్పితే బావ పెట్టాడు, రోజూ పెట్టేంత పొడుగ్గా, పూర్తిగా.

కార్డు అలా పడ్డ గుర్రం ఆ నిమిషం నుంచి బండి లాగకూడదు. బండి నిండా దుప్పట్లు. పదకొండుకి ఇంకా ముప్పావు గంట ఉంది. అక్క దొరసానిని విప్పి తాడు నా చేతికిచ్చింది, తను బండి ముందు కర్ర ఒకటి పట్టుకుంది. బావ వెళ్ళి రెండో కర్ర పట్టుకున్నాడు. ముందు మనుషులు, వెనక గుర్రం. షెడ్డుకి తాళం వేసి నేనూ బయలుదేరాను. ఇంతకంటే నవ్వులపాటు ఊరేగింపు ఈ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

అదీ తిన్నగా సాగితే ఏం! బావకి లాగడం రాదు, ఆయన వైపు కర్ర పైకి లేస్తోంది, అక్క వైపు కిందికి పోతోంది. దొరసాని రొట్టెల కొట్టు ముందు ఆగిపోయింది. తాడు గుంజితే కదల్దు. “ఇక్కడెందుకాగింది?” అన్నాడు బావ. “రోజూ ఆగుతుంది, లోపలావిడ రొట్టె ముక్క పెడుతుంది” అంది అక్క. గడియారాల కొట్టు దగ్గర మళ్ళీ ఆగింది. వంతెన ఎక్కేముందు మళ్ళీ. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు బయటికి వచ్చి అక్కని పలకరించడం, గుర్రం స్థానంలో ఉన్న బావని చూసి నోరెళ్ళబెట్టడం. ఇంతమంది మా అక్కకి తెలుసని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అక్క అందరికీ “రేపట్నుంచి రాను” అని చెప్పుకుంటూ వచ్చింది. మూడోచోట చెప్పడం మానేసి చెయ్యి మాత్రం ఊపింది.

వంతెన మధ్యలో బావ అన్నాడు, “అప్పుడే చెప్పాల్సింది నువ్వు.”

“చెప్తే మానేసేవారు.”

“మానేసేవాణ్ణే.”

కొంచెం దూరం లాగాక మళ్ళీ ఆయనే అన్నాడు. “ఈల బాబాయి గుర్రాన్ని చూసింది కూడా ఆ నెలలోనే.”

“ఏ నెల బావా?”

“దీన్ని చూసిన నెల. దాని తర్వాత మూడోదో నాలుగోదో. పదకొండని చెప్పాను.” కర్ర వదల్లేదు, నడక మాత్రం ఆగిపోయింది. “దాని పై పెదవి ఎత్తానో లేదో నాకు గుర్తు లేదే.”

ఎనిమిదేమో, తొమ్మిదేమో, నిజంగా పదకొండేనేమో. చూద్దామంటే ఆ నోరు లేదు.

“మళ్ళీ చూడమని అడిగాడు” అన్నాడు బావ. “ఒక్కసారి చూడమన్నాడు.”

కర్ర మెల్లగా కింద ఆనించి వెనక్కి తిరిగాడు.

“ఎక్కడికండీ?” అంది అక్క.

“బాబాయి ఇంకా అక్కడే ఉంటాడు. చెప్పాలి.”

“ఏమని చెప్తావు? ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది బావా, ఆ గుర్రం లేదుగా!” అని అరిచాను.

“గుర్రం లేదు” అన్నాడు. “నేనున్నాగా.”

వంతెన దిగి, గడియారాల కొట్టు దాటి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఈయన ఒక్క తప్పు ఒప్పుకుంటే చూడాలని ఎన్నేళ్ళు కాచుకున్నానో. ఒప్పుకోవడానికి వెళుతుంటే ఆ వీపు చూడలేకపోయాను, ఏడుపొచ్చింది. దొరసాని తాడు బండి వెనక కట్టి, ఆయన వదిలిన కర్ర అందుకున్నాను.

“ఏడిస్తే ఏడువు గానీ, లాగవే” అంది అక్క. “దుప్పట్లకి టైమవుతోంది.”